జ్వరంలో సౌనా: చెమట పడితే జ్వరం దిగుతుందా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మీరు ఫిన్లాండ్‌లోని ఎస్పూలో ఉద్యోగం చేస్తున్నారు. వినాయక చవితికి విజయవాడ వచ్చారు, మధ్యలో రెండు రోజులు అరకు వెళ్లారు. తిరిగి వెళ్లి ఆరు రోజులైంది. నిన్నటి నుంచి జ్వరం, ధర్మామీటర్‌లో 38.6, అంటే మన లెక్కలో 101.5. ఒళ్లు నొప్పులు, తలనొప్పి. ముక్కు కారడం, దగ్గు పెద్దగా లేవు. మీ అపార్ట్‌మెంట్‌లో అందరికీ కలిపి ఉన్న సౌనాలో (రాళ్ల పొయ్యితో బాగా వేడెక్కించి, లోపల కూర్చుని చెమట పట్టించుకునే చెక్కగది) ఈ సాయంత్రం ఏడింటికి మీ వంతు. "ఇరవై నిమిషాలు కూర్చో, చెమటతో అంతా బయటికి పోతుంది" అని ఆఫీసులో ఒకరన్నారు. అమ్మగారేమో ఫోన్‌లో "దుప్పటి కప్పుకుని చెమట పట్టించుకో నాన్నా" అన్నారు. రెండూ ఒకటే కదా, వెళ్లొచ్చా అని అడిగారు.

వెళ్లొద్దు. ఈ సాయంత్రం వంతు పక్క ఫ్లాటు వాళ్లకు వదిలేయండి.

నేను గుంటూరులో ఇరవై ఆరేళ్లుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. మా అమ్మాయి కూడా మీ ఊళ్లోనే ఉంటుంది కాబట్టి సౌనా గురించి చదవడమే కాదు, అందులో కూర్చుని చెమట కార్చిన అనుభవమూ ఉంది. జ్వరం సంగతి ముందు చెప్తాను. మీ విషయంలో సౌనా కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది, అదీ చెప్తాను. మొత్తం చదివే ఓపిక లేకపోతే, కిందికి వెళ్లి అరకు ప్రస్తావన వచ్చిన చోటు నుంచి చదవండి.

మీ కొలీగ్‌దీ, మీ అమ్మగారిదీ ఒకటే నమ్మకం. చెమట పడితే జ్వరం దిగుతుందని. ఇది వాళ్లు ఊరికే అనుకున్నది కాదు, కళ్లారా చూసిందే. రాత్రంతా ఒళ్లు కాలిపోయిన పిల్లాడికి తెల్లవారుజామున చెమటలు పోస్తాయి, పొద్దున నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. చూసింది నిజమే. ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే పొరపాటు. చెమట పట్టడం వల్ల జ్వరం దిగలేదు. జ్వరం దిగడం మొదలైంది కాబట్టి చెమట పట్టింది.

ఇస్త్రీపెట్టె మీద తిప్పే చక్రం ఉంటుంది కదా, సిల్క్ దగ్గర పెడితే ఒక వేడి, కాటన్ దగ్గర పెడితే ఇంకో వేడి. మెదడులో హైపోథాలమస్ అనే చోట మనకూ అలాంటి చక్రం ఒకటి ఉంది. మామూలుగా అది 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చేరినప్పుడు దాంతో పోరాడే కణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటివల్ల ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనేది తయారై ఆ చక్రాన్ని 39కి తిప్పుతుంది. అప్పటికి ఒళ్లు ఇంకా 37లోనే ఉంటుంది, కాబట్టి మెదడు లెక్కలో అది చల్లబడిపోయినట్టే. అందుకే చలి. చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అరచేతులూ పాదాలూ మంచులా అవుతాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. 39కి చేరాక వణుకు ఆగుతుంది. తర్వాత ఎప్పుడో, మందు వల్లనో, రోగం తగ్గుముఖం పట్టడం వల్లనో, చక్రం మళ్లీ 37కి వస్తే అప్పుడు ఒంట్లో ఉన్న రెండు డిగ్రీలు ఎక్కువైపోతాయి. వాటిని వదిలించుకోవడానికే ఆ చెమట. పారాసెటమాల్ చేసే పని కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గించి చక్రాన్ని వెనక్కి తిప్పడమే. డోలో వేసుకున్న గంటకు బనియన్ తడిసిపోయేది అందుకే.

మలేరియాను మనవాళ్లు చలిజ్వరం అనడంలోనే ఈ వరస అంతా ఉంది. మొదట పళ్లు టకటకలాడే చలి, తర్వాత కాలిపోయే వేడి, ఆఖరుకు చెమటలు పోసి నిద్ర. మూడోది వచ్చిందంటే ఆ విడతకు జ్వరం వదులుతోందని అర్థం. బలవంతాన మూడోది తెప్పించినంత మాత్రాన మొదటి రెండూ రద్దయిపోవు.

సౌనా ఆ చక్రాన్ని ముట్టుకోదు. బయటి నుంచి వేడి ఎక్కిస్తుంది, అంతే. చెమట పడుతుంది, కాదనను. కానీ ఆ చెమట ఉన్న జ్వరాన్ని దించేది కాదు, దాని మీద పడుతున్న కొత్త వేడిని తట్టుకోవడానికి శరీరం పడే తంటా. బయటికొచ్చి చల్లగాలి తగలగానే హాయిగా ఉంటుంది. ఆ హాయిలో జ్వరం పోయిందనుకుంటారు. గంటాగి ధర్మామీటర్ పెట్టుకుంటే మళ్లీ 38.6 కనిపిస్తుంది.

బయటి వేడి వల్ల ఒళ్లు వేడెక్కడానికి మనకు వేరే పేరు ఉంది, వడదెబ్బ. రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎండలు చూసినవాళ్లకు దీని గురించి నేను చెప్పక్కర్లేదు. వడదెబ్బలో చక్రం 37 దగ్గరే ఉంటుంది, పాడైంది వేడిని బయటికి పంపే దారి. అందుకే వడదెబ్బకు పారాసెటమాల్ పనిచేయదు, నీళ్లు చల్లి, ఫ్యాను పెట్టి, ఐసు పెట్టి ఒళ్లు చల్లబరచాల్సిందే. జ్వరంలో ఒళ్లు తానే కావాలని వేడెక్కుతుంది, దానికీ ఒక హద్దు ఉంటుంది, సాధారణంగా 41 దాటనివ్వదు. వడదెబ్బకు ఆ హద్దు లేదు. జ్వరంతో సౌనాలో కూర్చోవడమంటే ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి పేర్చడం.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రైతును తీసుకొచ్చారు. పేరు, ఊరు వద్దులెండి. నాలుగు రోజుల జ్వరం. చెమట పట్టించాలని తలుపులు మూసేసి, మంచం కింద కుంపటి పెట్టి, గొంగళి మీద గొంగళి కప్పారు. మా దగ్గరికి వచ్చేసరికి 106 ఫారెన్‌హీట్, మాట తడబడుతోంది, కూతుర్ని గుర్తుపట్టడం లేదు. నాలుక ఎండి అట్టముక్కలా ఉంది. సెలైన్లు ఎక్కించి, తడిబట్టలతో తుడిచి, సాయంత్రానికి మనిషిని చేశాం. తెచ్చినవాళ్లు ప్రేమ తక్కువై అలా చేయలేదు. ఆ కుంపటి గదికీ, మీ సౌనాకూ తేడా చెక్క బెంచీలు, తువ్వాళ్లూ మాత్రమే.

ఇక సౌనా ఆరోగ్యవంతుడినే ఏం చేస్తుందో చూడండి. పై బెంచీ దగ్గర గాలి 80 నుంచి 100 డిగ్రీల వేడి ఉంటుంది. పొడిగాలి కాబట్టి, చెమట వెంటనే ఆవిరైపోతుంది కాబట్టి ఒళ్లు కాలదు. కానీ మామూలు రోజుల్లో చర్మం నుంచి గాలిలోకి పోయే వేడి ఇక్కడ ఎదురు తిరుగుతుంది, గాలి నుంచే ఒంట్లోకి వస్తుంది. వేడి పోవడానికి మిగిలే దారి చెమట ఒక్కటే. చర్మంలో రక్తనాళాలన్నీ విచ్చుకుంటాయి, గుండె ఆ చర్మానికి రక్తం తోడిపోయాలి. పదీ పదిహేను నిమిషాల్లో నాడి నూరు దాటుతుంది, కొందరికి నూట యాభై దాకా వెళ్తుంది. లోపలి వేడి ఒక డిగ్రీ దాకా పెరగొచ్చు. అర లీటరు చెమట పోవడం మామూలే.

మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరు బుద్ధి ఊరుకోక నాడి లెక్కపెట్టుకున్నాను. వెళ్లేముందు 74. పన్నెండు నిమిషాలకు 118. రాళ్ల మీద నీళ్లు చల్లగానే చెవులు భగ్గుమన్నాయి (ఆ ఆవిరిని వాళ్లు లోయ్లు అంటారు, అది లేకపోతే సౌనాయే కాదంటారు). నేను గొప్పకు పోయి పై బెంచీ మీద నుంచి ఒక్కసారిగా లేచాను. కళ్లు బైర్లు కమ్మాయి. మా అల్లుడు పట్టుకోకపోతే పొయ్యి మీదే పడేవాణ్ణి. అప్పుడు నాకు జ్వరం లేదు, బీపీ మాత్ర మాత్రం పొద్దున వేసుకున్నాను. విచ్చుకున్న రక్తనాళాలు, తగ్గిన నీరు, హఠాత్తుగా నిలబడటం. ఈ మూడూ కలిస్తే మెదడుకు రక్తం చాలదు, అంతే.

దీనికి జ్వరం కలపండి. జ్వరం ఒక్కో డిగ్రీకి నాడి దాదాపు పది పెరుగుతుంది, ఒంటికి కావలసిన ఆక్సిజన్ నూటికి పదికి పైనే పెరుగుతుంది. అంటే కూర్చున్నచోటే గుండె పరుగెత్తుతోంది. నిన్నటి నుంచి సరిగా తిని ఉండరు, తాగి ఉండరు, అప్పటికే ఒంట్లో నీళ్లు తక్కువ. 38.6 మీద ఇంకో డిగ్రీ చేరితే 39.6. లోపల నిద్రపట్టిందా, ఇంకా ఎక్కువ. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి మత్తు ఇస్తాయి, పైగా చెమటను కూడా తగ్గిస్తాయి. అలాంటి మాత్ర వేసుకుని వేడి గదిలో ఒంటరిగా కూర్చోవడం నాకు అస్సలు నచ్చని సంగతి. వైరస్ జ్వరాల్లో కొద్దిమందికి గుండె కండరం కూడా వాస్తుంది. ఎవరికి వాస్తుందో ముందుగా తెలియదు కాబట్టే జ్వరం ఉన్నన్నాళ్లూ పరుగు, జిమ్ము వద్దంటాం. గుండె దృష్టిలో సౌనా ఒక మాదిరి వ్యాయామమే.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌసుల్లో, జిమ్ముల్లో ఉండే స్టీమ్ రూమ్ గురించి ఇదే ప్రశ్న వస్తుంటుంది. అందులో వేడి నలభై, యాభై డిగ్రీలే కదా, సౌనా కంటే మేలు కదా అంటారు. కాదు. అక్కడ గాలంతా ఆవిరితో నిండి ఉంటుంది, ఒంటి మీది చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, కారిపోతుంది అంతే. ఉక్కపోతలో బెజవాడ మనకు ఎందుకంత నరకంగా ఉంటుందో దానికీ ఇదే కారణం. జ్వరంలో రెండూ వద్దు.

"మరి ఫిన్లాండ్ వాళ్లు అన్ని రోగాలకూ సౌనాయే మందంటారుగా?" అంటారు మీరు. అంటారు. యాభై అయిదు లక్షల జనాభాకు ముప్ఫై లక్షల దాకా సౌనాలున్న దేశం అది. 2020లో యునెస్కో కూడా ఆ సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. సౌనా పేదవాడి మందుల షాపు అని వాళ్ల సామెత. సారా, తారు, సౌనా ఈ మూడింటికీ లొంగని రోగం చావుకే అని ఇంకో సామెత. పూర్వం వాళ్ల ఆడవాళ్లు పురుడు పోసుకున్నదీ అక్కడే, కొమ్ములు పెట్టి చెడు నెత్తురు తీయించుకున్నదీ అక్కడే. వేడినీళ్లు దొరికే శుభ్రమైన గది పల్లెలో అదొక్కటే కాబట్టి. మన వాము, మిరియాల కషాయం సామెతల్లాంటివే అవి కూడా, సామెతను ప్రిస్క్రిప్షన్‌గా తీసుకోకూడదు. మా అమ్మాయి పక్కింటి పెద్దావిడ, ఎనభై ఏళ్లు, వారానికి మూడుసార్లు సౌనాకు వెళ్లే మనిషి. జ్వరమొస్తే వెళ్తారా అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

సౌనా మంచిదని చెప్పే పరిశోధనలు ఉన్నాయి, అవి అబద్ధాలు కావు. ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతంలో 2,315 మంది మగవాళ్లను ఇరవై ఏళ్లపాటు గమనించి 2015లో అచ్చువేసిన ఫలితాల్లో, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనాకు వెళ్లేవాళ్లలో హఠాత్తు గుండె మరణాలు తక్కువగా కనిపించాయి. 1990లో ఆస్ట్రియాలో చిన్న పరీక్ష, పాతికమంది సౌనాకు, పాతికమంది ఇంట్లో, ఆరు నెలలు. సౌనా వాళ్లకు జలుబులు తక్కువ వచ్చాయి. ఇవన్నీ బాగున్నవాళ్లు అలవాటుగా వెళ్తే ఏమవుతుందో చెప్తాయి. రోగం వచ్చాక వెళ్తే తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని బెర్లిన్‌లో పరీక్షించి 2010లో ఫలితాలిచ్చారు. జలుబు చేసినవాళ్లను చలికాలం కోట్లు తొడిగించి సౌనాలో కూర్చోబెట్టి, సగం మందికి వేడిగాలి, సగం మందికి మామూలు గాలి మాస్కు ద్వారా పీల్పించారు. మొత్తం మీద జలుబు తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కోట్లు వేసుకుని సౌనాలో కూర్చున్న ఆ జనాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

వేడికి క్రిములు చచ్చిపోతాయన్న వాదనకు కూడా చరిత్ర ఉంది. వియన్నాలో వాగ్నర్ యావ్‌రెగ్ అనే డాక్టరు, మెదడుకు ఎక్కిన సిఫిలిస్ రోగులకు కావాలని మలేరియా ఎక్కించి, ఆ జ్వరంతో నయం చేయబోయాడు. 1927లో నోబెల్ కూడా వచ్చింది. కొందరు బాగుపడ్డారు, కొందరు ఆ మలేరియాకే పోయారు. పెన్సిలిన్ వచ్చాక ఎవరూ ఆ వైపు చూడలేదు. అయినా మీ రోగంతో పోరాడటానికి కావలసిన జ్వరం మీ ఒళ్లు ఇప్పటికే తెచ్చుకుంది, పైనుంచి మనం ఎగదోయక్కర్లేదు.

ఇప్పుడు అరకు సంగతి. మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది సౌనా కాదు, ఇది.

సెప్టెంబరులో ఆంధ్రా వచ్చి, ఏజెన్సీ ప్రాంతంలో తిరిగి, జలుబు దగ్గు లేకుండా ఒళ్లు నొప్పులతో జ్వరం వస్తే, అది మలేరియా కాదు, డెంగీ కాదు అని తేలేవరకు ఆ రెండింటినీ అనుమానించాల్సిందే. డెంగీ దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాలకు బయటపడుతుంది. ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా సాధారణంగా వారం నుంచి నెలలోపు. మీ తేదీలు రెండింటికీ సరిపోతున్నాయి. టైఫాయిడ్ కూడా లెక్కలో ఉంది. దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో మొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, కానీ ఎస్పూలో కూర్చున్న డాక్టరుకు సెప్టెంబరు జ్వరం చూడగానే మలేరియా గుర్తు రాకపోవచ్చు. మీరే చెప్పాలి. అక్కడి వైద్య సలహా నంబరు 116117కు ఫోన్ చేసి, "ఇండియా నుంచి వచ్చి ఆరు రోజులైంది, మలేరియా ప్రాంతంలో తిరిగాను, జ్వరం" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. రేపటి దాకా ఆగొద్దు. మలేరియా పరీక్ష ఒకసారి నెగెటివ్ వచ్చినా, జ్వరం ఉంటే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మళ్లీ చేయమని అడగండి. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్‌1 పరీక్ష, దాంతోపాటు రక్తకణాల లెక్క.

డెంగీ గురించి ఒక్క మాట, ఎందుకంటే చెమట నమ్మకం ఇక్కడ నిజంగా ప్రాణం మీదికి తెస్తుంది. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం మండుతున్నప్పుడు కాదు, దిగేటప్పుడు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే కొందరికి సన్నటి రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారిపోతుంది. బీపీ పడిపోతుంది. ఆ రోజు మీరు సౌనాకు వెళ్లారనుకోండి. రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమటగా ఇంకో అర లీటరు పోతుంది. బయటికొచ్చాక ఒళ్లు చల్లగా, చెమటలు పడుతూ, నీరసంగా ఉంటుంది. "సౌనాతో జ్వరం పోయింది" అని పడుకుంటారు. ఆ చల్లదనం షాక్ కావచ్చు, అంటే బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి. జ్వరం దిగాక కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, లేవలేనంత నీరసం, కంగారు, వీటిలో ఏది కనపడినా వెంటనే అత్యవసర నంబరు 112.

ఇంకొకటి. అక్కడ ప్రతి ఇంట్లో బురానా ఉంటుంది, తలనొప్పికీ మోకాలి నొప్పికీ అదే. అది ఐబుప్రోఫెన్. డెంగీ కాదని తేలేదాకా ముట్టుకోకండి, ఆస్పిరిన్ కూడా వద్దు, రక్తస్రావం పెరగొచ్చు. లివర్ జబ్బు లేకపోతే పారాసెటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, మధ్యలో ఆరు గంటల ఎడం, రోజుకు మూడు గ్రాములు దాటకుండా. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో 650 ఉంటే అదే ఇది, రెండూ కలిపి మింగకండి.

అమ్మగారి దుప్పటి విషయం. చలి, వణుకు ఉన్నంతసేపు కప్పుకోండి, తప్పులేదు, వణుకు తగ్గితే ఒంటికి శ్రమ తగ్గుతుంది. ఒళ్లు వేడెక్కి ఉక్కగా అనిపించగానే తీసేసి పల్చటి బట్టలతో ఉండండి. చెమట కోసం మాత్రం కప్పుకోకండి. తడిబట్ట పెట్టుకోవాలంటే గోరువెచ్చటి నీళ్లతో. చన్నీళ్లు, ఐసు పెడితే మళ్లీ వణుకు పుట్టి వేడి పెరుగుతుంది. ఆవిరి పట్టడం ముక్కు దిబ్బడకు హాయినిస్తుంది, జ్వరానికి సంబంధం లేదు, మీకు ముక్కు దిబ్బడే లేదు కాబట్టి అదీ అక్కర్లేదు. గంజిలో ఉప్పు వేసుకుని తాగండి, మజ్జిగ, ఓఆర్‌ఎస్, ఏదైనా. మూత్రం లేత పసుపులో ఉండేంత నీళ్లు పడాలి. ధర్మామీటర్ లెక్కలు టైముతో సహా కాగితం మీద రాసి పెట్టండి, డాక్టరుకు అది మీ వర్ణన కంటే ఎక్కువ చెప్తుంది.

పిల్లలున్నవాళ్లు ఇది చదువుతుంటే, జ్వరంలో ఉన్న పిల్లలను సౌనాలోకి అసలు తీసుకెళ్లకండి, దుప్పట్లలో చుట్టకండి. కడుపుతో ఉన్నవాళ్లు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, జ్వరం ఉన్నా లేకున్నా డాక్టరును అడగకుండా వెళ్లొద్దు.

మళ్లీ సౌనాకు ఎప్పుడు? మాత్ర వేసుకోకుండా ఇరవై నాలుగు గంటలు జ్వరం లేకపోవడం కనీసం. నేనైతే ఇంకో మూడు రోజులు ఆగమంటాను. ఫ్లూ, కోవిడ్ అయితే వారం. డెంగీ, మలేరియా అని తేలితే మిమ్మల్ని చూసే డాక్టరు సరేననే దాకా. ఆ మొదటి రోజు కింది బెంచీ, ఏడెనిమిది నిమిషాలు, పక్కన మనిషి, చేతిలో నీళ్లు. బీరు ఇంటి దగ్గరే పెట్టండి, అక్కడి సౌనా చావుల్లో చాలావాటి వెనక మద్యమే ఉంటుంది. లేచేటప్పుడు నాలా గొప్పకు పోకుండా ఒక నిమిషం కాళ్లు కింద పెట్టి కూర్చుని లేవండి.

ముందు ఆ ఫోన్ చేయండి. రిపోర్టు వచ్చాక ప్లేట్‌లెట్లు ఎంత అని మాత్రమే కాకుండా హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) అంకె కూడా రాయండి, మనవాళ్లు అది చూడరు, నాకు కావలసింది అదే.